సముద్రపు గాలిలో నిలిపిన మిగ్-21: ఒక సంరక్షణ కేస్ స్టడీ

ఉత్తరాంధ్ర తీరంలో, సముద్రానికి కిలోమీటరు లోపు దూరంలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాల ఆవరణలో ప్రదర్శనకు ఉంచిన మిగ్-21 ఎఫ్‌ఎల్ యుద్ధ విమానం ఈ కేస్ స్టడీకి విషయం. వాయుసేన నుంచి వచ్చిన ఈ విమానాన్ని కళాశాల ముఖద్వారం పక్కన ఎత్తైన కాంక్రీటు దిమ్మె మీద, ముక్కు పైకెత్తి ఆకాశంలోకి దూసుకుపోతున్నట్టు నిలిపారు. వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమాన దేహం పనులు చూసే సాంకేతికుడిగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత ప్రదర్శన విమానాల సంరక్షణలో సలహాలిస్తున్న నన్ను యాజమాన్యం పిలిపించి, వార్షికోత్సవం నాటికి మళ్ళీ రంగు వేయించాలనుకుంటున్నామని, ఏ కంపెనీ రంగు ఎక్కువ కాలం నిలుస్తుందో చెప్పమని అడిగింది. పరిశీలన ముగిశాక నేనిచ్చిన మొదటి సలహా ఆ సంవత్సరం రంగు వేయవద్దని. ఆ సలహాకు కారణాలను, ఆ తర్వాత జరిగిన పనిని ఈ వ్యాసంలో వివరంగా నమోదు చేస్తున్నాను.

మిగ్-21 మన వాయుసేనలో 1963లో చేరింది. మన దేశపు మొదటి సూపర్‌సానిక్ యుద్ధ విమానమైన దీనికి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరి వీడ్కోలు జరిగింది. వాయుసేన టైప్ 77 అని పిలిచిన ఎఫ్‌ఎల్ రకం అంతకు చాలా ముందే, 2013 డిసెంబరులో కలైకుండ స్థావరంలో సేవ ముగించింది. వివిధ రకాలు కలిపి 800కు పైగా మిగ్-21లు మన ఆకాశంలో ఎగిరాయి కాబట్టి, వాటిలో మిగిలినవి నేడు కళాశాలల ముందు, కూడళ్ళలో, ఉద్యానవనాల్లో కనిపించడం సహజమే. వాటిని తెచ్చి నిలపడానికి ఉన్న ఉత్సాహం తర్వాతి ముప్పై ఏళ్ళ సంరక్షణకు ఉండడం లేదు. ఈ ఒక్క విమానం అనుభవం మిగతావాటికి పనికొస్తుందన్న ఆశతోనే ఇది రాస్తున్నాను.

తెలుగు నేలకు ఈ విమానంతో ఉన్న బంధం చాలామందికి తెలియదు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ మిగ్-21ను మన దేశంలో తయారు చేసినప్పుడు విమాన దేహం నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్ బాలానగర్‌లో తయారయ్యేవి. ఈ కళాశాల విమానం కాక్‌పిట్‌లో మిగిలిన పెట్టెల మీద ఆ హైదరాబాద్ విభాగం పలకలు కనిపించినప్పుడు విద్యార్థులు వాటిని తాకి చూసిన శ్రద్ధను నేను మరిచిపోలేను. విశాఖ బీచ్ రోడ్డులో 2002 నుంచి ఉన్న కురుసుర జలాంతర్గామిని, 2017లో సేవ ముగించుకుని అదే ఏడాది దాని ఎదుట నిలిచిన నౌకాదళ టీయూ-142 విమానాన్ని చూస్తూ పెరిగిన పిల్లలు వీళ్ళు. వారికి ఈ యంత్రాల మీద ఉన్న ప్రేమ నిజమైనది. ఆ ప్రేమను పనిగా మలచడమే నా బాధ్యత అనుకున్నాను.

పరిశీలనలో బయటపడినవి

బయటి నుంచి చూస్తే విమానం మెరుస్తోంది. వరుసగా వేయించిన ఎనామిల్ పూతల వల్ల రివెట్ తలలు కూడా కనిపించనంత నునుపు వచ్చింది. ఆ నునుపే నాకు మొదటి అనుమానం కలిగించింది. మిగ్-21 కింది భాగంలో, తలుపుల అంచుల్లో, తోక అడుగున లోపలి నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. రంగు వేసిన గుత్తేదారు పనివారు వాటిని కూడా లోపాలనుకుని లప్పం పెట్టి మూసి, రుద్ది, పైన రంగు కొట్టారు. పని నీటుగా రావాలన్నదే వారి ఉద్దేశం. ఆ రంధ్రాలు ఎందుకున్నాయో వారికి చెప్పినవారు లేరు.

మూసిన రంధ్రాలు సమస్యలో సగమే. మిగతా సగం భంగిమలో ఉంది. విమానం చక్రాల మీద సమంగా నిలిచినప్పుడు నీరు ఎక్కడికి చేరుతుందో లెక్కవేసి రూపకర్తలు ఆ రంధ్రాలను పెట్టారు. ముక్కును పదిహేను డిగ్రీల వరకు పైకెత్తి దిమ్మెకు బిగిస్తే అతి లోతైన చోటు మారిపోతుంది. ముక్కు ద్వారం నుంచి, క్యానపీ (కాక్‌పిట్ మీది పారదర్శకమైన మూత) అంచు నుంచి, పైనున్న ప్యానెళ్ళ సందుల నుంచి దిగిన వాననీరు ఫ్రేములను దాటుకుంటూ వెనక్కి జారి, ఇంజన్ లేని వెనుక గదిలో, ఏ రంధ్రమూ లేని చోట నిలుస్తుంది. రెక్కల్లో కూడా ఇదే జరిగింది. మిగ్-21 రెక్కలు కొసల వైపు రెండు డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. దానికి ముక్కు ఎత్తు తోడై, నీరంతా వెనుక అంచున, కొస వైపు మూలకు చేరింది. సన్నని గొట్టం కొసన కెమెరా ఉండే బోరోస్కోప్‌ను లోపలికి పంపినప్పుడు ఎండాకాలపు మధ్యాహ్నంలో కూడా అక్కడ తడి బురద, ఆకుల పొట్టు, పావురాల రెట్ట కలిసి ముద్దగా కనిపించాయి. దిమ్మె మీద వాలుగా నిలిపిన ప్రతి విమానంలోనూ మొదట వెతకవలసిన చోటు ఇదేనని నా గట్టి అభిప్రాయం.

ఉప్పు సంగతి ఇంకా సూక్ష్మమైనది. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు పొడిగా ఉన్నంతసేపు లోహానికి పెద్ద హాని చేయదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే ద్రావణంగా మారుతుంది. మన తీరంలో ఏడాదిలో అధిక భాగం రాత్రులు తేమ ఆ హద్దు దాటే ఉంటుంది కాబట్టి, వాన లేకపోయినా లోహం రాత్రంతా ఉప్పునీటిలో ఉన్నట్టే లెక్క. పైభాగాలను వాన అప్పుడప్పుడు కడిగి పోతుంది. రెక్కల అడుగు, చక్రాల గదులు, పొట్ట భాగం వానకు అందవు గనుక అక్కడ ఉప్పు ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. చూసేవారికి పైభాగమే కనిపిస్తుంది, చెడేది కింది భాగం. ఈ విమానంలోనూ అత్యధిక నష్టం రెక్కల అడుగుననే ఉంది.

దీనికి తోడు, విమానాన్ని అప్పుడప్పుడు కడుగుతున్నామని కళాశాలవారు చెప్పిన నీరు ఆవరణలోని బోరుది. దానిని పరీక్షిస్తే అందులోనే క్లోరైడ్ ఎక్కువగా ఉంది. తీరప్రాంతపు బోర్లలో ఇది సాధారణం. కడిగిన ప్రతిసారీ కొంత ఉప్పు అదనంగా చేరిందన్నమాట.

మిగ్-21 దేహానికి వాడిన ప్రధాన లోహం డీ16 అనే అల్యూమినియం మిశ్రమం. అందులో దాదాపు నాలుగు శాతం రాగి ఉంటుంది. రాగి వల్లే దానికి బలం వచ్చింది, రాగి వల్లే అది తుప్పుకు త్వరగా లొంగుతుంది. అందుకని రేకుకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఒకటి అతికించి తయారు చేస్తారు. ఆ పొర తల వెంట్రుక మందానికి మించదు. పాత రంగును గరుకు ఎమెరీ కాగితంతో, గ్రైండర్‌తో రుద్దిన చోట్ల ఆ రక్షణ పొర పూర్తిగా పోయింది. ఉక్కు బోల్టులు అల్యూమినియాన్ని తాకే చోట, రెండు లోహాల మధ్య తడి విద్యుద్వాహకంగా పనిచేసి, అల్యూమినియమే కరిగిపోతూ వచ్చింది. బోల్టుల చుట్టూ తెల్లని పొడి, రివెట్ల మధ్య ఉబ్బిన రేకు, వెనుక స్పార్ (రెక్క పొడవునా భారం మోసే దూలం) కింది అంచు పొరలు పొరలుగా విడిపోవడం, ఇవన్నీ ఆ క్రియకు వేర్వేరు దశలు. ఉబ్బిన చోటల్లా రంగు పనివారు లప్పం పెట్టి చదును చేసి ఉన్నారు. అందువల్ల గత పదేళ్ళ తుప్పు చరిత్ర అంతా నునుపైన పూత కింద దాగిపోయింది.

ముందు భద్రత

ప్రదర్శన విమానమంటే హాని లేని బొమ్మ అనుకోవడం ప్రమాదకరం. అప్పగింత పత్రాల్లో ఆయుధ, పేలుడు సామగ్రి తొలగించినట్టు రాసి ఉన్నా, ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు, క్యానపీని విసిరేసే యంత్రాంగం, వీటి పేలుడు గుళికలు నిజంగా లేవని అర్హత గల ఆయుధ విభాగ సాంకేతికుడు కళ్ళతో చూసి సంతకం చేసేవరకు కాక్‌పిట్‌లోకి ఎవరినీ దిగనివ్వలేదు. ఆక్సిజన్ సీసాలు, ఇంధన ట్యాంకుల్లో మిగిలిన కిరోసిన్ ఆవిరి, హైడ్రాలిక్ గొట్టాల్లో నిలిచిన నూనె తర్వాతి వరుసలో వచ్చాయి. మిగ్-21కు వెండి-జింకు బ్యాటరీలు వాడేవారు. వాటిలోని పొటాషియం హైడ్రాక్సైడ్ ఎప్పుడో ఒలికి ఉంటే అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి బ్యాటరీ గదిని విడిగా పరీక్షించాం. ఆ కాలపు సోవియట్ పరికరాల ముళ్ళకు, అంకెలకు కొన్నిటిలో రేడియం కలిపిన వెలుగు రంగు పూసేవారు. రేడియేషన్ కొలిచే సర్వే మీటరుతో చూసినప్పుడు రెండు మూడు డయళ్ళు పరిసర స్థాయి కంటే ఎక్కువ చూపాయి. వాటిని విప్పకుండా, అద్దం పగలకుండా, ఉన్నచోటనే మూసి, హెచ్చరిక పలక పెట్టి, రేడియేషన్ భద్రత బాధ్యత ఉన్న అధికారికి తెలియజేశాం. విద్యార్థులు ఉత్సాహంతో డయళ్ళు విప్పి తుడిచే అలవాటు చాలాచోట్ల చూశాను. అది మానవలసిన అలవాటు.

పాత ప్రైమర్‌లో క్రోమేట్ ఉంటుంది. అది క్యాన్సర్ కారకం. పొడిగా రుద్దడం నిషేధించి, తడి పద్ధతిలో మాత్రమే, తగిన మాస్కులతో, కారిన నీటిని పట్టి విడిగా నిల్వ చేసే ఏర్పాటుతో పని సాగింది.

పూతల కింద ఉన్న చరిత్ర

శుద్ధి మొదలుపెట్టే ముందు ప్రతి ప్యానెల్‌కు సంఖ్య ఇచ్చి, ఫోటో తీసి, నష్టాన్ని పటం మీద గుర్తించాం. ఆ తర్వాత తోక మీద, ముక్కు పక్కన, రెక్క అడుగున అరచేయంత చోట్ల పూతలను ఒక్కొక్క పొరగా మెట్లు మెట్లుగా తీశాం. పైన ఎనామిల్ పూతలు, వాటి కింద లప్పం, దాని కింద వాయుసేన కాలపు ఆకుపచ్చ, గోధుమ రంగుల మరుగు పూత (శత్రువు కంట పడకుండా వేసేది), ఇంకా కింద వెండి లక్క, అన్నిటికీ అడుగున పసుపుపచ్చని ప్రైమర్ వరుసగా బయటపడ్డాయి. ఎఫ్‌ఎల్ విమానాలు తొలి రోజుల్లో వెండి రంగులోనే ఎగిరేవి. 1971 యుద్ధ కాలంలో కొన్నిటికి స్థావరాల్లోనే చేతికందిన ఆకుపచ్చ రంగులు పూసుకున్నారు. ఆ యుద్ధంలో డిసెంబరు 14న ఢాకాలోని గవర్నర్ భవనం మీద దాడి చేసినవాటిలో ఎఫ్‌ఎల్‌లు ఉన్నాయి. మన విమానం పూతల్లో ఆకుపచ్చ రెండు ఛాయల్లో కనిపించినంత మాత్రాన అది ఆ యుద్ధంలో పాల్గొన్నదని చెప్పలేం. ఆ మాట పలక మీద రాయించాలని కళాశాలవారు ముచ్చటపడ్డా నేను ఒప్పుకోలేదు.

క్రమసంఖ్య విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరమైంది. గుత్తేదారు తోక మీద రాసిన సంఖ్య, చక్రాల గదిలోని తయారీ పలక, పూతల కింద లీలగా కనిపించిన పాత అంకెలు ఒకదానితో ఒకటి కలవలేదు. ప్యానెళ్ళ లోపలి వైపు రష్యన్ అక్షరాల్లో కొట్టిన భాగసంఖ్యలు కొన్ని మిగిలాయి. విమానాల ఫోటోలను, సంఖ్యలను దశాబ్దాలుగా ఓపికగా సేకరించే అభిమానులు ఇక్కడే ఆదుకున్నారు. 1980ల నాటి ఒక స్థావర ఉత్సవంలో తీసిన ఫోటోలో తోక మీద సంఖ్య, పక్కన స్క్వాడ్రన్ చిహ్నం స్పష్టంగా ఉన్నాయి. పూతల కింద దొరికిన అంకెలతో అవి సరిపోయాయి. ఇలాంటి అభిమానాన్ని కాలక్షేపమని తేలిగ్గా తీసుకునేవారికి నేను చెప్పేదొక్కటే: ఈ విమానానికి దాని సొంత పేరు తిరిగి దక్కింది వారి వల్లనే. ప్రసిద్ధ విమానం సంఖ్యను మరో విమానం మీద రాయడం తప్పేమీ కాదు, దాన్ని బాహాటంగా చెప్పినంతవరకు. 2018లో మన వాయుసేనకు తిరిగివచ్చిన డకోటా రవాణా విమానం మీద 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో సైనికులను దింపిన డకోటా గుర్తుగా వీపీ 905 అని రాశారు. ఎందుకు రాశారో అందరికీ చెప్పే రాశారు. చెప్పకుండా రాస్తే అది చరిత్రను చెరపడమే.

దిమ్మె మీద నుంచి దించడం

మొత్తం పనిలో ఎక్కువ చర్చ జరిగింది ఈ నిర్ణయం మీద. ముక్కు పైకెత్తిన విమానం కళాశాలకు గుర్తుగా మారిపోయింది. కరపత్రాల మీద, గుర్తింపు కార్డుల మీద అదే బొమ్మ. దించితే అందం పోతుందని యాజమాన్యం బాధపడింది. నీటి లెక్క ఒక్కటే వారిని ఒప్పించలేదు కాబట్టి గాలి లెక్క వేసి చూపించాను.

గాలి భారాలకు మన దేశంలో అనుసరించే ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖ ప్రాంతపు మూల వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగం దగ్గర గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. మిగ్-21 రెక్క వైశాల్యం 23 చదరపు మీటర్లు. పదిహేను డిగ్రీలు ముక్కెత్తి ఉన్న త్రిభుజాకార రెక్కకు ఎత్తుబలం గుణకాన్ని 0.6గా తీసుకుంటే, ఎదురుగాలిలో పైకి లాగే బలం 20 వేల న్యూటన్లు దాటుతుంది, అంటే రెండు టన్నులకు పైగా. ఇంజన్, సీటు, చాలా పరికరాలు తీసేసిన ఈ విమానం మొత్తం బరువే తర్వాత క్రేన్ మీద తూచినప్పుడు నాలుగు టన్నులకు లోపు తేలింది. పక్కగాలి ఇంకా ప్రమాదకరం. పక్క నుంచి కనిపించే వైశాల్యాన్ని మేము కొలిస్తే సుమారు 20 చదరపు మీటర్లు వచ్చింది. దాని మీద పడే మూడు టన్నుల తోపు, నాలుగు మీటర్ల ఎత్తున, ఒక్క ఉక్కు స్తంభాన్ని వంచడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రమాణానికి 2015లో వచ్చిన సవరణ తూర్పు తీరంలో తుపానుల కోసం అదనపు గుణకాన్ని కూడా చేర్చింది. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్‌ను చూసినవారికి ఈ అంకెలు కాగితం మీది లెక్కలుగా అనిపించవు.

స్తంభాన్ని విమానానికి బిగించిన తీరు కూడా చూపించాను. మామూలు ఉక్కు బోల్టులను అల్యూమినియం ఫ్రేముల గుండా నేరుగా దూర్చి బిగించారు. లోహాల మధ్య ఏ అడ్డుపొరా లేదు. బోల్టు రంధ్రాల అంచులు తిని పెద్దవయ్యాయి. అంటే బరువును మోస్తున్న చోటే తుప్పు అత్యంత చురుకుగా ఉంది. ఇది చూశాక చర్చ ముగిసింది. ప్రిన్సిపాల్ గారు స్వయంగా ఆ ఫోటోలను యాజమాన్యం ముందు పెట్టి అనుమతి తెచ్చారు.

దించేటప్పుడు గుర్తుంచుకోవలసినది బరువు కేంద్రం. మిగ్-21లో ఇంజన్ వెనుక భాగంలో ఉంటుంది. అది లేనప్పుడు కేంద్రం ముందుకు జరుగుతుంది కాబట్టి పాత సేవా పుస్తకాల్లోని అంకెలు నమ్మి పట్టీలు కడితే ముక్కు కిందికి వాలిపోతుంది. ఫ్రేములున్న చోట్లనే వెడల్పాటి నైలాన్ పట్టీలు వేసి, మొదట అంగుళం మాత్రమే ఎత్తి, వాలు చూసి, సరిచేసి మళ్ళీ ఎత్తించాం. విమానం ఇప్పుడు తన చక్రాల మీద, సమంగా, తక్కువ ఎత్తున్న కాంక్రీటు పలక మీద ఉంది. బరువు మాత్రం టైర్ల మీద లేదు. జాకీ బిందువుల కింద పెట్టిన ఉక్కు స్టాండ్లు మోస్తున్నాయి. స్టాండ్లకు, విమానానికి మధ్య మందపాటి నైలాన్ దిండ్లున్నాయి. తుపాను కాలానికి గొలుసులు కట్టడానికి పలకలో కొక్కేలు వేయించాం.

శుద్ధి, ఆరబెట్టడం, నిలకడ

పనిని ఈశాన్య రుతుపవనం పూర్తిగా తగ్గిన తర్వాత, జనవరిలో మొదలుపెట్టి, వేసవి ఉక్క రాకముందే ముఖ్య భాగం ముగించేలా ఏర్పాటు చేసుకున్నాం. మొదట మున్సిపల్ నీటితో, తక్కువ ఒత్తిడితో, తటస్థమైన సబ్బు ద్రావణంతో లోపలా బయటా కడిగాం. కారిన నీటిలో క్లోరైడ్‌ను పరీక్ష పట్టీలతో చూస్తూ, అది కుళాయి నీటి స్థాయికి దగ్గరయ్యేవరకు కడగడం ఆపలేదు. రెక్కల అడుగు భాగాలు ఎంతకీ ఆ స్థాయికి రాలేదు. తుప్పు పొరల లోపల ఇరుక్కున్న ఉప్పు నెమ్మదిగానే బయటికి వస్తుంది, దానికి ఓపిక తప్ప దగ్గరి దారి లేదు. ఆ తర్వాత ప్యానెళ్ళన్నీ తెరిచి, ఫ్యాన్లతో గాలి పంపి, లోపలి తేమను మీటరుతో చూస్తూ ఆరబెట్టాం.

ఎనామిల్, లప్పం తొలగించడానికి కాస్టిక్ సోడాను వాడదామని ఒక పెయింటర్ సూచించాడు. ఇనుప గేట్ల మీద అది బాగా పనిచేస్తుంది. అల్యూమినియాన్ని మాత్రం కరిగించేస్తుంది. ఇసుక బ్లాస్టింగ్ పలచని రేకును వంచుతుంది. ఇనుప బ్రష్షు ఇనుప రేణువులను లోహంలో దిగ్గొట్టి, కొత్త తుప్పు కేంద్రాలను తయారు చేస్తుంది. మేము బెంజైల్ ఆల్కహాల్ ఆధారమైన స్ట్రిప్పర్‌ను, ప్లాస్టిక్ గీకుడు పలకలను, నైలాన్ ప్యాడ్లను వాడాం. పని నెమ్మదిగా సాగింది. వాయుసేన కాలపు పూత గట్టిగా అంటుకుని ఉన్న చోట్ల దానిని తీయకుండా వదిలేశాం. అది కూడా ఈ విమానం చరిత్రలో భాగమే.

దెబ్బతిన్న లోహం విషయంలో ఒక సూత్రం పెట్టుకున్నాం. ఈ విమానం మళ్ళీ ఎగరదు, కాబట్టి ఎగిరే విమానానికి పెట్టే కొలతలు దీనికి అక్కర్లేదు. ఎగరవలసిన విమానంలో బలహీనపడిన భాగాన్ని కోసి కొత్తది వేయక తప్పదు. బికనీర్ జునాగఢ్ కోటలో దొరికిన మొదటి ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ బాంబర్లు డీహెచ్-9 విమానాలే దీనికి మంచి ఉదాహరణ. బ్రిటన్ చేరిన వాటిలో ఒకటి మ్యూజియంలో నిలిచింది, మరొకటి 2019లో డక్స్‌ఫర్డ్‌లో మళ్ళీ ఎగిరింది. చెదలు తిన్న పాత కర్రతో ఎవరూ ఎగరలేరు కాబట్టి ఎగిరేదానిలో కర్ర కొత్తది కావలసి వచ్చింది. లండన్‌లోని బ్రిటిష్ వాయుసేన (ఆర్‌ఏఎఫ్) మ్యూజియంలో ఉన్న డీహెచ్-9ఏ విమానం మరో రకం. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విమానాలు అందుకుని, హైదరాబాద్ పేరే పెట్టుకున్న 110వ స్క్వాడ్రన్‌కు చెందిన, ఎఫ్1010 సంఖ్య గల విమానం అది. 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మ్యూజియంలో ఉండి, పోలండ్ చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానానికి మార్పిడిగా బ్రిటన్‌కు తిరిగివచ్చింది. దారిలో పోయిన రెక్కలను కొత్తగా చేసి అమర్చారు. దేహం మాత్రం నిజాం సొమ్ముతో తయారైన నాటిదే. ఈ మూడిటినీ విద్యార్థులకు పక్కపక్కన పెట్టి చూపించి, మన మిగ్ దేహంలో ఏ భాగమూ పోలేదని, దేనినీ కొత్తది చేయవలసిన అగత్యం లేదని, ఉన్నదానిని ఉన్నట్టే నిలబెట్టడమే మన పని అని నిర్ణయించుకున్నాం.

ఆ ప్రకారం వదులైన తుప్పు పొడిని తీసి, చుట్టూ ఉన్న లోహాన్ని శుభ్రపరచి, క్రోమేట్ లేని ఎపాక్సీ ప్రైమర్ పూశాం. రేకు పూర్తిగా తినిపోయి రంధ్రం పడిన కొద్దిచోట్ల మాత్రమే లోపలి వైపు నుంచి అతుకు వేసి, దాని మీద తేదీ, లోహం రకం చెరగని సిరాతో రాశాం. తర్వాతి తరం సాంకేతికులు ఏది అసలో ఏది మనం వేసిందో తడుముకోకూడదు. ఉక్కు బోల్టులన్నిటినీ సీలెంట్ పూసి తిరిగి బిగించాం. మూసుకున్న రంధ్రాలన్నిటినీ తెరిచాం. విమానం సమంగా ఉంది కాబట్టి రూపకర్తలు పెట్టిన రంధ్రాలే సరిపోయాయి, కొత్తవి వేయవలసిన పని పడలేదు. లోపలి ఖాళీల్లో మైనం ఆధారమైన తుప్పు నిరోధకాన్ని పిచికారీ చేశాం. బయట మాత్రమే, అన్నిటికీ చివర, పాలియురిథేన్ రంగు వేశాం: ఆ ఫోటోలో కనిపించిన మరుగు రంగులు, దాని సొంత సంఖ్య.

ముక్కు ద్వారాన్ని ఇంతకుముందు ప్లైవుడ్ చక్రంతో బిగించి మూసేవారు. దానివల్ల లోపలికి గాలి ఆడలేదు. ఇనుప జాలి పెడితే మళ్ళీ రెండు లోహాల సమస్య వస్తుంది. చేపల రేవులో దొరికే సన్నని కన్ను నైలాన్ వలను చట్రానికి కట్టి ముందు ద్వారానికి, వెనుక గొట్టానికి అమర్చాం. పావురాలు, గోరింకలు రావు, గాలి ఆడుతుంది. ఎండకు అది పెళుసవుతుంది కాబట్టి ఏటా మార్చాలి, ఖర్చు స్వల్పం. ఈ ఆలోచన రేవులో ఫైబర్ పడవలకు మరమ్మతులు చేసే ఒక పెద్దాయన ఇచ్చారు. ఉప్పుగాలి గురించి ఆయనకున్న అనుభవ జ్ఞానం మా లెక్కలకు ఎంతో ఆసరా అయింది. క్యానపీ యాక్రిలిక్‌లో సన్నని పగుళ్ళున్నాయి. థిన్నర్, అమోనియా ఉన్న అద్దాల ద్రావణాలు దానికి పడవు. మెత్తని గుడ్డ, సబ్బునీరు మాత్రమే వాడి, సందర్శకులు లేని వేళల్లో తెల్లని నూలు కవచం కప్పే ఏర్పాటు చేశాం. నల్లని ప్లాస్టిక్ కప్పితే కింద వేడి, తేమ రెండూ పెరుగుతాయి.

ఇప్పటి స్థితి

నిర్వహణ కోసం వాయుసేనలో విమానం వెంట ఉండే ఎఫ్-700 పుస్తకం పద్ధతిలో ఒక రిజిస్టరు తెరిపించాను. నెలకోసారి కింది భాగాలను మంచినీటితో కడగడం, ప్రతి వాన తర్వాత రంధ్రాల్లో సన్నని నైలాన్ తీగ దూర్చి చూడడం, మూడు నెలలకోసారి ఎంచుకున్న ప్యానెళ్ళు తెరిచి ఫోటో తీయడం, ఇవన్నీ మెకానికల్ విభాగపు విద్యార్థులు చేసి సంతకం పెడతారు. యాజమాన్యం రంగు కోసం కొన్నేళ్ళకోసారి పెట్టే మొత్తాన్ని విడగొట్టి ఏటేటా ఈ పనికి కేటాయించింది. నా దృష్టిలో ఈ కేసులో అత్యంత విలువైన ఫలితం ఇదే.

పైకప్పు విషయం ఇంకా తేలలేదు. కప్పు వేస్తే ఎండ, వాన తగ్గుతాయి గాని, వాన కడిగే పైభాగాలు కూడా ఉప్పు నిలిచే చోట్లుగా మారతాయి కాబట్టి కడగడం పెరగాలి. తుపాను గాలికి కప్పే ఎగిరి విమానం మీద పడని నిర్మాణం కావాలి. సివిల్ విభాగం దాని రూపకల్పన చేస్తోంది.

పని ముగిశాక వచ్చిన మొదటి వర్షాకాలంలో వెనుక గది పొడిగానే ఉంది. తోక మొదలు దగ్గర ఒక ప్యానెల్ అంచున మాత్రం తడి కనిపించింది. సీలెంట్ విప్పి తిరిగి వేశారు. వెనుక స్పార్ కింది అంచులో విడిపోయిన పొరల కొసలకు గీతలు గీసి తేదీలు రాశాం. ఎడమ రెక్కలో అవి కదలలేదు. కుడి రెక్కలో ఒకచోట గీత దాటి కొద్దిగా ముందుకు వచ్చాయి. ఆ చోట ఉప్పు ఇంకా లోపల ఉందని అర్థం. వచ్చే జనవరిలో అక్కడి ప్యానెల్ తెరిచి, తడి దూది పట్టీలతో ఉప్పును లాగే పద్ధతిని ప్రయత్నించాలని రిజిస్టరులో రాసి ఉంచాం.